తెరమీద పడు చిత్రము – కంటికి తోచు బింబము

ఉన్నత పాఠశాల విద్యార్థిని నిలువబెట్టి నిజ ప్రతిబింబమునకు, మిథ్యా ప్రతిబింబమునకు భేదమేమని అడిగితిమా, తడుముకొనకుండ చెప్పును. నిజ ప్రతిబింబమును తెరమీద పట్టవచ్చును. మిథ్యా ప్రతిబింబమును పట్టుటకు వీలులేదు. పరీక్షలో ఈ సమాధానమునకు మార్కులు వచ్చును. కాని ఆ వెంటనే, "తెరకు కూడ దొరకని ప్రతిబింబము నీ కంటికి ఎట్లు దొరకుచున్నది?" అని అడిగి చూడుడు. చాలమంది మౌనము వహింతురు. ఒక్కొక్కడు ధైర్యము చేసి, "మిథ్య అనగా లేనిది కదండీ, అది మన భ్రమ" అనును.

ఆ బాలుని తప్పు పట్టవలసిన పనిలేదు. ఈ ప్రశ్న చిన్నది కాదు. కటకములు మనుష్యుల ముక్కుమీదికి ఎక్కిన తరువాత కూడ మూడు వందల యేండ్లవరకు దీనికి సరియైన సమాధానము దొరకలేదు. చివరకు ప్రాగ్ నగరమున నివసించుచుండిన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు యోహాన్నెస్ కెప్లర్ 1604లో ప్రకటించిన గ్రంథములో ఆ సమాధానమునకు పునాది పడినది. అతడు కటకములను గురించి వెదకుచు బయలుదేరినవాడు కాడు. చంద్రబింబపు కొలతలో వచ్చిన ఒక తేడాను సరిదిద్దబోయి, నడుమ కంటిలోనికి వచ్చి చేరినాడు. ఆ కథ తెలిసినచో పై రెండు నిర్వచనములను కంఠస్థము చేయవలసిన అవసరము ఉండదు.

కళ్ళజోడు ముందు, కారణము తరువాత

1306 ఫిబ్రవరిలో ఇటలీ దేశపు ఫ్లారెన్స్ నగరమున జోర్డానో అను క్రైస్తవ సన్యాసి ధర్మోపన్యాసము చేయుచు, కళ్ళజోళ్ళు చేయు విద్య పుట్టి ఇంకను ఇరువది యేండ్లు నిండలేదని చెప్పినాడు. దీనినిబట్టి కళ్ళజోడు పదమూడవ శతాబ్దము చివర పుట్టినదని తేలుచున్నది. 1352లో ట్రెవీసో నగరమున తొమ్మాసో ద మోదెనా అను చిత్రకారుడు గోడమీద వ్రాసిన చిత్రములలో ఒక మతాధికారి కళ్ళజోడు పెట్టుకొని కూర్చున్నాడు.

ఆ మొదటి జోళ్ళు మనము చత్వారము అని పిలుచు బాధకు ఉపయోగించినవి. నలుబది దాటిన కంటికి దగ్గరి అక్షరములు మసకబారును; కుంభాకార కటకము ఆ మసకను పోగొట్టును. దూరపు వస్తువులు కనబడని హ్రస్వదృష్టికి పుటాకార కటకములు పదునైదవ శతాబ్దములో వాడుకలోనికి వచ్చినవి. 1462లో మిలాన్ ప్రభువు ఫ్రాంచెస్కో స్ఫోర్జా ఫ్లారెన్స్ నుండి మూడు డజన్ల జోళ్ళు తెప్పించుకొనుచు, ఒక డజను దూరపు చూపునకు, ఒక డజను దగ్గరి చూపునకు అని విడదీసి వ్రాయించినాడు.

పనివాడు గాజును అరగదీసి, వయస్సునుబట్టి ఏరి ఇచ్చుచుండెను. పెట్టుకొన్నవానికి అక్షరము కనబడినది. అంతటితో ఇద్దరికిని పని తీరినది. ఆ గాజు ఎందువలన పనిచేయుచున్నదో చెప్పవలసిన పండితులకు మాత్రము ఒక పెద్ద చిక్కు ఉండినది. అసలు కన్ను ఎట్లు చూచుచున్నదో వారికి తెలియదు. కన్ను పనిచేయు రీతి తెలియనిదే కంటిముందు పెట్టిన గాజు చేయు సహాయము బోధపడదు.

బస్రా పండితుని చిక్కు

ఈ చిక్కును మొట్టమొదట స్పష్టముగా చూచినవాడు ఇబ్న్ అల్ హైథమ్. ఇతడు సుమారు 965లో బస్రాలో పుట్టి, కైరోలో పనిచేసి, దృష్టిశాస్త్రముమీద ఏడు భాగముల గ్రంథము రచించినాడు. కంటినుండి కిరణములు వెడలి వస్తువును తాకునను పూర్వుల మతమును ఇతడు త్రోసివేసినాడు. వెలుగుచున్న వస్తువుమీద ప్రతి బిందువునుండియు కాంతి అన్ని దిక్కులకు పోవును. అందు కొంత కంటిని చేరును. ఇది సరియైన మాట. కాని ఈ మాటతోనే చిక్కు పుట్టినది.

ఎదుట ఒక చెట్టు ఉన్నదనుకొందము. చిటారు కొమ్మనుండి వచ్చు కాంతి కనుపాప అంతటిమీదను పడును. మొదలునుండి వచ్చునదియు కనుపాప అంతటిమీదను పడును. అనగా కంటిమీద ప్రతి చోటను చెట్టులోని అన్ని బిందువుల కాంతియు కలగలుపుగా చేరును. అట్లయినచో కొమ్మ కొమ్మగా, మొదలు మొదలుగా వేరువేరుగా ఎట్లు కనబడుచున్నవి?

ఇబ్న్ అల్ హైథమ్ దీనికి ఒక ఉపాయము చెప్పినాడు. కంటి ఉపరితలమునకు లంబముగా వచ్చు కిరణమే చూపునకు పనికివచ్చును. ఏటవాలుగా వచ్చునవి వంగి బలహీనములగును. బిందువునకు ఒక్కటే లంబకిరణము కాబట్టి కలగలుపు ఉండదు. ఈ మతము లాటిన్ భాషలోనికి పోయి, విటెలో మొదలైన వారి చేతులమీదుగా ఐరోపాలో దాదాపు నాలుగు వందల యేండ్లు నిలిచినది. కాని ఇందు ఒక లోపము కలదు. లంబమునకు ఒక వెంట్రుకవాసి ప్రక్కగా వచ్చు కిరణము దాదాపు లంబకిరణమంత బలముగానే ఉండవలెను కదా. దానిని కన్ను ఏల లెక్కచేయదు?

గ్రహణము చూపిన దారి

1600 జులై 10వ తేదీన పాక్షిక సూర్యగ్రహణము వచ్చినది. అప్పుడు కెప్లర్ ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణములో ఉపాధ్యాయుడు. వయస్సు ఇరువది ఎనిమిది. చిన్ననాడు సోకిన మశూచి వలన అతని కండ్లు దెబ్బతిని ఉండినవి. సూర్యుని నేరుగా చూడరాదు కాబట్టి, ఆ కాలపు జ్యోతిష్కుల ఆచారము ప్రకారము సన్నని రంధ్రము గుండ వెలుగును పంపి, తెరమీద పడిన బింబమును కొలిచినాడు.

ఈ పద్ధతిలో ఒక వింత ఉండినది. గ్రహణ సమయమున కొలిచిన చంద్రబింబము, పూర్ణిమనాడు కొలిచిన బింబముకంటె చిన్నదిగా వచ్చుచుండెను. ప్రసిద్ధ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహి కూడ దీనిని గమనించి తికమకపడినాడు. తప్పు చంద్రునిలో లేదని, రంధ్రములో ఉన్నదని కెప్లర్ గ్రహించినాడు.

దానిని అతడు తేల్చుకొన్న విధము మన పాఠశాలలలోను చేసి చూడదగినది. ఒక పుస్తకమును ఎత్తున పెట్టినాడు. దానికిని నేలకును నడుమ అనేక మూలలుగల రంధ్రముతో ఒక పలకను అమర్చినాడు. పుస్తకపు ఒక మూలకు దారము కట్టి, దానిని రంధ్రపు అంచులకు తగులునట్లు నేలవరకు లాగి, అంచు చుట్టును త్రిప్పినాడు. నేలమీద రంధ్రపు ఆకారము గీయబడినది. పుస్తకములోని మరియొక బిందువు నుండి దారము లాగగా ప్రక్కన అదే ఆకారము మరల పడినది. అట్టి గీతలెన్నో ఒకదానిమీద ఒకటి పడగా, మొత్తముమీద నేలపై పుస్తకపు ఆకారము తేలినది. అనగా వస్తువుమీది ఒక్కొక్క బిందువు తెరమీద రంధ్రమంత వెడల్పుగల ఒక్కొక్క మచ్చను వేయును. సూర్యుని వెలుగు అంచు ఈ మచ్చల వలన లావెక్కి, చీకటిగానున్న చంద్రుని భాగములోనికి చొచ్చుకొని వచ్చును. అందుచేతనే చంద్రుడు చిన్నబోయినట్లు కనబడినాడు.

కన్ను కూడ ఒక రంధ్రము గల చీకటి గదియే. కనుపాప సూదిమొనంత సన్ననిది కాదు. అట్లయినచో కంటిలో కూడ ప్రతి బిందువు వెడల్పయిన మచ్చగా పడి, లోకమంతయు మసకగా కనబడవలెను. అట్లు జరుగకున్నదన్నచో ఆ మచ్చను మరల బిందువుగా కుదించునది ఏదో లోపల ఉండవలెను. బేసెల్ నగరపు వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ 1583లో ప్రకటించిన గ్రంథములో, చూపునకు స్థానము కంటి వెనుకనున్న నేత్రపటలమే అనియు, ముందున్న స్ఫటికము వంటి భాగము కేవలము అద్దము వంటిదనియు వ్రాసి ఉండినాడు. కెప్లర్ దానిని చదివినాడు. నీటితో నింపిన గాజు గోళమును కంటికి మారుగా పెట్టుకొని, దానిగుండ పోవు కిరణములను పరిశీలించినాడు.

చివరకు అతడు చేరిన నిశ్చయమిది. ఒక బిందువునుండి బయలుదేరి కనుపాప మీద పడు కిరణములన్నియు ఒక శంకువుగా ఏర్పడును. లంబ కిరణమని, ఏటవాలు కిరణమని భేదము లేదు, అన్నియు పనికివచ్చును. కంటిలోని కటకము ఆ శంకువును మడిచి, వెనుకవైపు రెండవ శంకువుగా చేసి, నేత్రపటలము మీద ఒకే బిందువు వద్ద కలుపును. వెలుపలి ఒక్కొక్క బిందువునకు లోపల ఒక్కొక్క బిందువు. ఈ బిందువులన్నియు కలిసి నేత్రపటలముమీద ఒక చిత్రమగును.

ఆ చిత్రము తలక్రిందుగా ఉండును. దీనికి కెప్లర్ ముందు కలత చెందినాడు. కాని లెక్క అట్లే చెప్పుచున్నది కాబట్టి తల వంచినాడు. తలక్రిందుగా పడిన చిత్రమును మనస్సు నిటారుగా ఎట్లు గ్రహించుచున్నదో తేల్చు పని కిరణములను లెక్కించువానిది కాదని విడిచిపెట్టినాడు.

దీనితో మూడు వందల యేండ్ల కళ్ళజోడు రహస్యము కూడ విడిపోయినది. హ్రస్వదృష్టి గలవానికి దూరపు కిరణములు నేత్రపటలమునకు ముందే కలిసి, దానిని చేరునప్పటికి మరల విడిపోవును. పుటాకార కటకము వానిని కొంత విప్పి పంపుటచే కూడలి వెనుకకు జరుగును. చత్వారము వచ్చినవానికి దగ్గరి కిరణములు కలియకముందే నేత్రపటలము అడ్డు వచ్చును. కుంభాకార కటకము వానిని ముందుగా కొంత దగ్గరకు చేర్చును.

రెండు పేర్లు

కెప్లర్ ఈ గ్రంథములోనే పేర్ల విషయమున ఒక జాగ్రత్త తీసికొన్నాడు. కాగితముమీద గాని, మరియొక తెరమీద గాని నిజముగా పడు ఆకారమును లాటిన్‌లో "పిక్తూరా", అనగా చిత్రము, అన్నాడు. అద్దములోనో, గాజుగుండనో చూచునపుడు ఫలానిచోట ఉన్నదని చూపు నిర్ణయించుకొను దానిని "ఇమాగో", అనగా బింబము, అన్నాడు. అంతకు పూర్వము ఈ రెండును ఒకే మాటలో కలిసి ఉండినవి. నిజ ప్రతిబింబము, మిథ్యా ప్రతిబింబము అను నేటి పరిభాష తరువాతి తరములవారు కుదుర్చుకొన్నది. విభజనకు బీజము మాత్రము ఇచ్చటనే పడినది.

ఒక సన్నని కుంభాకార కటకముతో ఈ భేదమును పరిశీలింతము. సన్నని కటకమనగా, దాని మందమును ఇతర దూరములతో పోల్చినపుడు లెక్కలోనికి రానంత తక్కువగా నున్నది. దాని నాభ్యంతరము 20 సెం. మీ. అనుకొందము. కొవ్వొత్తిని 30 సెం. మీ. దూరమున పెట్టినచో, జ్వాలలోని ఒక బిందువు నుండి వచ్చు శంకువును కటకము మడిచి, ఆవలివైపు 60 సెం. మీ. దూరమున కలుపును. అచ్చట కాగితము పెట్టగా రెండింతల ఎత్తుగల జ్వాల తలక్రిందుగా పడును. ఇది చిత్రము.

ఇప్పుడు కొవ్వొత్తిని 12 సెం. మీ. దూరమునకు జరుపుడు. శంకువు మరీ వెడల్పయినది. కటకము దానిని కొంత ముడువగలదే గాని కలుపలేదు. కిరణములు ఆవలివైపు ఇంకను విప్పారుచునే పోవును. తెర ఎచ్చట పెట్టినను కూడలి లేదు. కాని ఆ కిరణములను వెనుకకు పొడిగించి గీసినచో, కొవ్వొత్తి ఉన్నవైపుననే 30 సెం. మీ. దూరమున ఒక బిందువు వద్ద కలియును. అచ్చట నిజముగా జ్వాల ఉండినచో కిరణములు ఏ తీరున వచ్చి ఉండునో, ఇప్పుడు సరిగా ఆ తీరుననే కంటికి చేరుచున్నవి. అందుచే కంటికి రెండున్నర రెట్లు పెద్దదైన జ్వాల నిటారుగా తోచును. ఇది బింబము.

మన మొదటి ప్రశ్నకు సమాధానము ఇందులోనే ఉన్నది. తెరకు కిరణములను కలుపు శక్తి లేదు. కలిసినవానిని పట్టుకొనుట మాత్రమే దాని పని. కన్ను ఉత్త తెర కాదు. తెరకు ముందు ఒక కటకము గలది. విప్పారుచు వచ్చు కిరణములను ఆ కటకము తానే కలిపి, నేత్రపటలముమీద నిజమైన చిత్రమును వేసికొనును.

ఇంకొక పరీక్ష కలదు. తెరమీద చిత్రము పడుచుండగా కటకమును సగము అట్టతో మూసినచో ఏమగునని అడిగిన, బొమ్మ సగము పోవునని ఎక్కువమంది విద్యార్థులు చెప్పుదురు. చేసి చూడుడు. బొమ్మ పూర్తిగానే ఉండును; వెలుగు మాత్రము తగ్గును. ప్రతి బిందువు నుండి వచ్చు శంకువు కటకమంతటిమీదను పడుచున్నది కాబట్టి, సగము మూసినను ప్రతి శంకువులో సగము మిగులును. ఈ ఒక్క ప్రయోగము కెప్లర్ భావమును పది బొమ్మలకంటె బాగుగా బోధించును.

దుర్భిణి మోసము చేయునా?

ఈ విచారణ అంతయు గ్రంథములో ఉండగనే, వెలుపల ఒక కొత్త పరికరము పుట్టినది. 1608 అక్టోబరులో హాలెండు దేశములో హాన్స్ లిప్పర్‌హే అను కళ్ళజోళ్ళ పనివాడు దుర్భిణికి హక్కుపత్రము కోరినాడు. మరుసటి యేడు గెలీలియో స్వయముగా దుర్భిణులు చేసికొని, 1610 జనవరిలో గురుగ్రహమునకు ఉపగ్రహములున్నవని కనుగొన్నాడు. మార్చిలో ఆ వార్తను పుస్తకముగా ప్రకటించినాడు.

అందరును నమ్మలేదు. 1610 ఏప్రిల్‌లో గెలీలియో బొలోన్యా నగరమునకు తన దుర్భిణిని తీసికొనిపోయి చూపినాడు. అచ్చటివారిలో మార్టిన్ హోర్కీ అను యువకుడు, ఆ పరికరము భూమిమీద బాగుగానే పనిచేయుచున్నదనియు, ఆకాశము విషయమున మాత్రము మోసగించుచున్నదనియు కెప్లర్‌కు వ్రాసినాడు. ఆ అనుమానమును తోసిపుచ్చుట సులభము కాదు. కటకము గుండ కనబడునది గాజు పుట్టించిన భ్రమ కాదని ఎవరు హామీ ఇవ్వగలరు? ఆకాశమునందలి నాలుగు లోకముల ఉనికి ఈ ప్రశ్నమీద నిలిచినది.

కెప్లర్ రెండు పనులు చేసినాడు. మొదటిది కండ్లతో చూచుట. ఆ యేడు ఆగస్టు చివర అతనికి ఒక దుర్భిణి ఎరువుగా దొరకినది. కొన్ని రాత్రులు స్నేహితులతో కలిసి గురుగ్రహమును చూచి, ఒకరికి తెలియకుండ ఒకరు ఉపగ్రహముల స్థానములను సుద్దతో గీసి, తరువాత సరిపోల్చుకొన్నారు. రెండవది కారణము చెప్పుట. ఆ దినములలోనే కటకములను గురించి ఒక చిన్న గ్రంథము వ్రాసినాడు. "దియోప్త్రికే" అను పేరుతో 1611లో అచ్చయిన ఆ పుస్తకములో 141 అంశములు కలవు.

వక్రీభవనపు ఖచ్చితమైన సూత్రము అప్పటికి అతనికి తెలియదు. గాలినుండి గాజులోనికి పోవు కిరణము, పతన కోణము 30 డిగ్రీలకు మించనంతవరకు, ఆ కోణములో ఇంచుమించు మూడవ వంతు వంగునని కొలిచి తెలిసికొన్నాడు. ఆ మాత్రము ఆధారముతోనే, రెండువైపుల సమానముగా ఉబ్బిన కటకమునకు నాభ్యంతరము ఇంచుమించు దాని వక్రతా వ్యాసార్ధమంత అనియు, ఒకవైపు చదునైనదానికి వ్యాసమంత అనియు తేల్చినాడు. వక్రీభవన గుణకము ఒకటిన్నరగా తీసికొని నేటి సూత్రముతో లెక్కించినను ఇవే ఫలితములు వచ్చును.

గెలీలియో దుర్భిణిలో ముందు కుంభాకార కటకము, కంటివద్ద పుటాకార కటకము. మొదటి కటకము కిరణములను కలుపబోవుచుండగా, కలియకముందే రెండవది వానిని విప్పివేయును. గొట్టములో ఎచ్చటను చిత్రము ఏర్పడదు. కెప్లర్ తన 86వ అంశములో మరియొక కూర్పును చెప్పినాడు. రెండును కుంభాకార కటకములే. మొదటి కటకము చిత్రమును పూర్తిగా వేయనిచ్చి, ఆ చిత్రమును రెండవ కటకముతో భూతద్దముతో చూచినట్లు చూడవలెను. వస్తువు పెద్దదిగా, స్పష్టముగా, తలక్రిందుగా కనబడును. ముందు కటకపు నాభ్యంతరము 100 సెం. మీ., కంటివద్దిది 5 సెం. మీ. అయినచో రెండు కూర్పులును 20 రెట్లు పెంచును. గొట్టపు పొడవు మొదటిదానిలో 95, రెండవదానిలో 105 సెం. మీ.

సాలెపురుగు సాక్ష్యము

ఈ 10 సెం. మీ. తేడాలో ఎంత ప్రయోజనము దాగి ఉన్నదో కెప్లర్ జీవితకాలములో తేలలేదు. అతడు 1630లో మరణించినాడు. సుమారు 1640లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతమున విలియమ్ గాస్కోయిన్ అను యువకుడు రెండు కుంభాకార కటకముల దుర్భిణితో పనిచేయుచుండగా, ఒక సాలెపురుగు గొట్టములో దారము లాగినది. ఆ దారము సరిగా చిత్రము ఏర్పడు చోటనే పడినది. దుర్భిణిలో చూడగా దూరపు వస్తువు, దారము రెండును ఒకేసారి స్పష్టముగా కనబడినవి.

చిత్రము ఉన్నచోట వస్తువును పెట్టవచ్చును. రెండు సన్నని అంచులను మరతో జరుపుచు చిత్రమునకు అటునిటు తాకించినచో సూర్యచంద్రుల బింబములను, గ్రహములను కొలువవచ్చును. గాస్కోయిన్ అట్టి పరికరమును చేసినాడు. 1644లో అంతర్యుద్ధమున మార్‌స్టన్ మూర్ వద్ద మరణించినాడు. గెలీలియో కూర్పులో ఈ పనికి తావు లేదు. దారము కట్టుటకు అందులో చిత్రమే లేదు. అప్పటివరకు చూచు సాధనముగా నుండిన దుర్భిణి, గొట్టములో నిజ ప్రతిబింబము ఏర్పడుటచేతనే కొలుచు సాధనము కూడ అయినది.

ఆ పిమ్మట 1637లో డెకార్ట్ ప్రకటించిన వక్రీభవన సూత్రము నలుగురికి తెలిసినది. 1693లో ఎడ్మండ్ హేలీ కటకముల నాభులను కనుగొనుటకు బీజగణిత సూత్రమును సమకూర్చినాడు. నేడు మన విద్యార్థులు వస్తు దూరపు వ్యుత్క్రమమును, ప్రతిబింబ దూరపు వ్యుత్క్రమమును కలిపి నాభ్యంతరపు వ్యుత్క్రమమునకు సమానము చేయుదురు. నిజ ప్రతిబింబముల దూరములను ధనముగా తీసికొను పద్ధతిలో, పై 12 సెం. మీ. లెక్కకు సమాధానము ఋణ సంఖ్యగా వచ్చును. ఆ ఋణ చిహ్నమునకు అర్థము, కిరణములు కలియుటలేదు, విప్పారుచు పోవుచున్నవి అని మాత్రమే. చూచినవాడు భ్రమపడినాడని కాదు.

మిథ్య అను మాట మన భాషలో తత్త్వశాస్త్రపు బరువు మోయుచున్నది. అందుచేతనే విద్యార్థి దానిని విన్నంతనే అబద్ధమని తలచును. ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పునపుడు నిర్వచనములను తరువాతికి ఉంచి, ముందు ఒక్క ప్రశ్న అడిగింపవలెను: ఈ బిందువునుండి బయలుదేరిన కిరణములు ఎచ్చట కలియుచున్నవి? కటకము వెనుక కలిసినచో నిజ ప్రతిబింబము. అచ్చట కలియక, చూచువాని కంటిలోనికి పోయి కలిసినచో మిథ్యా ప్రతిబింబము. తాత కళ్ళజోడుతో పత్రిక చదువుచున్నపుడు అతడు చూచునది మిథ్యా ప్రతిబింబమే. కాని అతడు చదివిన అక్షరము నేత్రపటలముమీద నిజముగా పడినది.